ఊయలకు వదలాల్సిన జాగా

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడు, మాఘమాసంలో, జమ్మలమడుగు దగ్గర కల్వర్టుల పని చూస్తున్న నన్ను ప్రొద్దుటూరు పట్టణ పనులకు ఓవర్‌సీరుగా బదిలీ చేశారు. ఓవర్‌సీరంటే ఇంజనీరు గీసిన ప్లానుకూ మేస్త్రీ తాపీకీ మధ్య నిలబడే మనిషి. తప్పు జరిగితే రెండువైపుల వాళ్ళూ అతని ముఖమే చూస్తారు. మాది పులివెందుల. అప్పటికి నా సర్వీసు ఏడాదిన్నర. ప్రొబేషను ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఉద్యోగం నాదే అని ధైర్యంగా చెప్పుకునే స్థితిలో లేను.

నాకు అప్పగించిన పని పార్కులో పిల్లల ఆటస్థలం. పార్కులో అప్పటికే పచ్చిక, సాయంత్రం వార్తలూ పాటలూ వినిపించే రేడియో మంటపం ఉండేవి. దాని పక్కన జారుడుబండ, నాలుగు ఊయలలు, ఒక రంగులరాట్నం రావాలి. ఆ ఊరి పిల్లలు రాట్నాన్ని తిరునాళ్ళలో తప్ప ఎరగరు. ఏడాది పొడవునా ఊళ్ళోనే ఉండే రాట్నం అనేసరికి పిల్లలకంటే పెద్దలే ఎక్కువ ఎదురుచూశారు.

జారుడుబండ మన జిల్లా నల్లరాయితోనే నున్నగా తీర్చినది, త్వరగా సిద్ధమైంది. ఊయలల గుంజలకూ రాట్నానికీ కావలసిన ఇనుప గొట్టాలు మాత్రం మద్రాసు నుంచి ఎర్రగుంట్ల స్టేషనుకు రావాలి. అవి వచ్చేదాకా జారుడుబండను మూసి ఉంచడం దేనికని, దాన్ని ఉగాదికే తెరిచి మిగతావి రెండో విడతగా తెరుద్దామని నేను ప్రతిపాదించాను. ఇంజనీరుగారు మితభాషి. ఫైలులో ఇలా రాశారు: విడతల వారీగా తెరవాలన్నది ఓవర్‌సీరు సూచన, రెండో విడతను అనుకున్న నాటికి లోపం లేకుండా తెరిచే పూచీ కూడా ఆయనదే. నా ప్రొబేషను రిపోర్టు ఆ తర్వాతే రాస్తానని నోటితో చెప్పారు.

బండ బిగించే ముందు నేనొక తెలివైన పని చేశాననుకున్నాను. నల్లరాయి సాయంత్రం దాకా పెనంలా కాలుతుంది. ప్లానులో చూపిన చోట నీడ లేదు. అందుకని బండను ఎనిమిదడుగులు వేపచెట్టు వైపు జరిపించాను. మెప్పు వస్తుందన్న ఆశతో, జరిపిన సంగతి ఫైలులో కూడా రాశాను.

ఉగాదికి బండ తెరిచారు. ఆనాటి నుంచి పార్కు గేటు దగ్గర రోజూ వాదనే. రేడియో వినడానికి వచ్చేవాళ్ళంతా రెండు పక్షాలయ్యారు. ఒకేసారి తెరవాల్సిందన్న పక్షానికి పెద్ద, గేటు పక్కన బొరుగులు అమ్మే ఓబులమ్మ. విడతలే మేలన్న పక్షానికి పెద్ద, ఊయలలకు గొలుసులు కొడుతున్న కమ్మరి మస్తాన్ సాబు.

"తలుపులు పెట్టకుండా యాడన్నా ఇల్లు చేరతారా మామా?" అనేది ఓబులమ్మ. "తెరిస్తే అంతా తెరవల్ల, లేకుంటే గేటు మూసి పెట్టల్ల. పిల్లోల్లు ఊయాల యాడ, రాట్నం యాడ అని నన్ను తింటాండారు."

"మా మసీదుకు మినారు లేచేదానికి శానా ఏండ్లు పట్టింది. అన్నాళ్ళూ నమాజు ఆపినామా?" అనేవాడు మస్తాన్ సాబు. బొరుగులు మాత్రం ఆమె దగ్గరే కొనేవాడు. ఈ వాదన వినడానికే కొందరు రేడియో వదిలి గేటు దగ్గర కూర్చునేవారు. నేనూ వినీ విననట్టు నిలబడేవాణ్ణి. నా సూచన గురించి ఊరు మాట్లాడుతోందంటే లోపల సంతోషంగానే ఉండేది.

నెలన్నరకు గొట్టాలొచ్చాయి. రాట్నం నిలబెట్టాం, గుంజలు పాతాం, గొలుసులు తగిలించాం. తెరిచే ముందు బరువు పరీక్ష చేయాలి. ఇద్దరు పెద్దవాళ్ళ బరువుకు సరిపడా పెన్న ఇసుక మూటలు కట్టి, ఒక్కో ఊయలకూ ఒక పగలంతా వేలాడదీయాలి. గొలుసు సాగకూడదు, పై దూలం వంగకూడదు. గొలుసూ సాగలేదు, దూలమూ వంగలేదు. శుక్రవారం తెరుస్తామని దండోరా వేయించాను. పని పూర్తయిందని ఇచ్చే ధ్రువీకరణ రాసి, సంతకం ఒక్కటే మిగిల్చి జేబులో పెట్టుకున్నాను.

బుధవారం సాయంత్రం ఓబులమ్మ గంప పక్కవాళ్ళకు అప్పగించి నా దగ్గరికి వచ్చింది.

"మూటలు కదలకుండా వేలాడతాండాయి గదా సామీ, పిల్లోల్లు అట్ల వేలాడతారా?" అంది. బరువు సంగతి చెప్పబోయాను. "బరువుకు ఆగుతాది, అది నాకూ కనపడతాండాది. ఊపి చూసినావా అంటాండా. బండ మీద జారినోడు ఆడ నిలబడడు, ఉరుకుతాడు. ఉగాది నుంచి ఈడ కూచోని నేను చూసేది అదే గదా."

ఆమె చూపించిన చోట, బండ అంచు నుంచి ఊయలల వైపు ఇసుకలో బాట పడి ఉంది. పిల్లల కాళ్ళే వేసిన బాట అది. రోజూ దాని మీదే నడుస్తూ నేను చూడలేదు.

పిల్లలను దూరంగా నిలబెట్టాం. మస్తాన్ సాబు ఒక మూటను వెనక్కి లాగి వదిలాడు. అది సరిగ్గా ఆ బాట మీదికి, ఆరేడేళ్ళ పిల్లవాడి తల ఎత్తుకు లేచి, వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. మస్తాన్ సాబు గొలుసు పట్టుకుని ఆపాడు. అప్పుడు నాకు కలిగిన భయం ఈ వయసులోనూ గుర్తుంది.

లెక్క సులువే. ప్లానులో ఊయలకూ బండ అంచుకూ మధ్య పదహారడుగులున్నాయి. నీడ కోసం ఎనిమిదడుగులు నేనే తినేశాను. మిగిలిన ఎనిమిది చాలనుకున్నాను, ఎందుకంటే ఊయల నిలిచి ఉన్నప్పుడు కొలిచాను. తొమ్మిదడుగుల గొలుసు ఊగితే ఆరడుగులకు పైగా ముందుకు వస్తుంది. జారిన పిల్లవాడు మూడు నాలుగు అడుగులు పరుగెత్తి గాని ఆగడు.

"గొలుసులు కురచ చేస్తా సామీ, రేపు పొద్దున పని. శుక్రవారం మాట పోదు," అన్నాడు మస్తాన్ సాబు. నా మేలు కోరే అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. కానీ గొలుసు కురచైతే పీట ఎత్తు పెరుగుతుంది, చిన్నపిల్లలు ఎక్కలేరు, ఎక్కినవాళ్ళు పడతారు. జేబులో కాగితం తీసి చింపేశాను.

నేరుగా ఇంజనీరుగారింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. శుక్రవారం తెరవడం ఆగిపోతే రిపోర్టులో ఏం రాయాల్సి వస్తుందో తెలుసునా అని అడిగారు. తెలుసునన్నాను. చెప్పింది కాగితం మీద పెట్టమన్నారు. అక్కడే కూర్చుని రాసిచ్చాను.

శుక్రవారం రాట్నం ఒక్కటే తెరిచాం. ఊయలలు వాయిదా అని దండోరా వేసేవాడు వీధివీధీ తిరిగితే ఊరు నవ్వింది. రెండు విడతలు మూడయ్యాయి. గుంజలు పెకలించి, పన్నెండడుగులు అవతలికి గుంతలు తీసి, కాంక్రీటు పోసి, అది గట్టిపడేదాకా వారం రోజులు నీళ్ళు పట్టాం. ఈసారి మూటలు వేలాడదీయడమే కాదు, పగలంతా ఊపించాను.

ఊయలలు తెరిచిన రోజు కూడా గేటు దగ్గర వాదన ఆగలేదు. "మొదటే అంతా ఒకేసారి తెరిచింటే ఇన్ని తిప్పలు ఉండేవి కాదు," అంది ఓబులమ్మ.

"ఒకేసారి తెరిచింటే పిల్లోల్లు ఉరికిన ఆ దావ నీకు ముందే కనపడేదా?" అన్నాడు మస్తాన్ సాబు.

"కనపడేది కాదు. అయినా ఒకేసారే తెరవల్ల," అని ఓబులమ్మ బొరుగులు కొలిచి అతని తువ్వాలులో పోసింది.

ఆ నెలలోనే ఇంజనీరుగారు నా రిపోర్టు రాశారు. బండ జరపడంలో పొరపాటు ఓవర్‌సీరుదేనని మొదటి వాక్యం. దాన్ని తానే వచ్చి తెలిపాడని రెండోది. ప్రొబేషను పూర్తయినట్టు మూడోది. మూడూ న్యాయమేననిపించింది.

తర్వాత ముప్పై ఏళ్ళలో బస్టాండ్లు, బడులు, సంత అరుగులు ఎన్నో కట్టించాను. వీలైన ప్రతిచోటా కొంత భాగం ముందు తెరిపించి, మూడు సాయంత్రాలు అక్కడే కూర్చున్న తర్వాతే సంతకం పెట్టాను. కట్టినదానికి నిలిచి ఉన్నప్పుడు ఒక కొలత, వాడుకలో పడ్డాక మరొక కొలత ఉంటాయి. మొదటిది టేపు చెబుతుంది. రెండోది కావాలంటే అక్కడ రోజూ కూర్చునే మనిషిని అడగాలి.