తెల్లగౌను మీద నూనె మరక

గుడ్డ చిరుగుతున్న చప్పుడు కాసిడీహ్ సందు మొదట్లోనే వినిపించింది. కత్తెర చిన్న గాటు పెడుతుంది. ఆ తర్వాత చర్రుమని ఒక పొడుగాటి ఊపిరి. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ ఇంకొకటి.

తలుపు తీసిన ప్రిస్సీ జుట్టునిండా నూలు దుమ్ము పొగమంచులా పట్టి ఉంది.

"కూర్చోండి దీదీ. అది పక్కకి నెట్టండి, ఎవరిదో లుంగీ. ఉతికిందేలెండి, డరో మత్, భయపడకండి."

పాత బట్టలు చింపి గమ్హరియా వర్క్‌షాపులకు పంపడం ఇప్పుడు ఆమె పని. అక్కడ మిషన్ల నూనె తుడుచుకుంటారు.

ఈ ఉత్తరాది ఉక్కు ఊరికి వలసొచ్చిన తెలుగు క్రేన్ ఆపరేటర్ కూతురు ప్రిస్సీకి ఇంకా ముప్పై నిండలేదు. డిజైన్ కాలేజీ తరఫున మిలాన్‌లో ఒక చిన్న ఫ్యాషన్ సంస్థలో ఇంటర్న్‌గా పనిచేసింది. వాన పడే ఆ ఊళ్ళో కాఫీలు మోసింది, గుండీలు ఏరింది. అక్కడి మేడమ్ దగ్గర ఒక వ్యాపార పాఠం నేర్చుకుంది: మచ్చపడ్డ బట్టను ఎవరికీ ఇవ్వకూడదు, ముక్కలు చేసెయ్యాలి. లేకపోతే అది వీధుల్లో తిరుగుతూ మన పేరు చెడగొడుతుంది. అక్కడ కుట్టేవాళ్ళు సాయంత్రం ఇళ్ళకు ఏం పట్టుకెళ్ళేవారో ఆమె ఎప్పుడూ చూడలేదు.

తిరిగొచ్చి ఇదే గదిలో చర్చి గౌన్లు కుట్టించడం మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళకు, పిల్లలు చర్చిలో తొలిసారి అప్పం అందుకునే మొదటి సత్ప్రసాదానికి. ప్రతి గౌను మెడ దగ్గరా తన పేరున్న చిన్న పట్టీ. కుట్టడానికి వచ్చిన నలుగురిలో పెద్దది ఆనందకుమారి. ప్రిస్సీకి చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఆమే. ఇక్కడి దర్జీ కొట్లలో పాడైన బట్ట కుట్టినవాళ్ళ ఇంటికే వెళ్తుంది. అది ఎవరూ అడిగేది కాదు, ఎవరూ ఇచ్చేది కాదు. అలా జరుగుతుందంతే.

ఒకరోజు ఒక పిల్లగౌను చంక కింద మిషన్ నూనె పడింది. ఆనందకుమారి మనవరాలికి ఆ ఆదివారమే సత్ప్రసాదం. ఆ గౌను ఇంటికి తెస్తానని పిల్లకు అప్పటికే చెప్పేసింది.

"సబ్బెట్టి రుద్దితే పోద్దే," అంది. "పోకపోతే ఏటి? దేవుడు సంక ఎత్తి సూత్తాడేటి?"

అందరూ నవ్వారు. ప్రిస్సీ కూడా నవ్వింది. నవ్వుతూనే కత్తెర అందుకుంది.

"ఏటే, నిజంగానా? నీ పేరు ఇప్పేసి ఇయ్యే."

"పేరు తీసినా కట్ చూస్తే నాదేనని తెలిసిపోద్ది ఆంటీ. రూల్ అంటే రూల్."

కత్తెర మెడ నుంచి అంచు దాకా వెళ్ళింది. ఆనందకుమారి ముక్కలు ఊడ్చి సంచిలో వేసింది. మిషన్ మీద ముసుగు కప్పి, చెప్పులు వేసుకుంది. మర్నాడు రాలేదు. ఆమె వెనకే మిగతా ముగ్గురూ మానేశారు. క్రిస్మస్ ఆర్డర్లు సగంలో ఆగాయి, గౌన్లు కొనే జుగ్సలాయి వ్యాపారి వేరే చోటికి వెళ్ళాడు. ఆ పిల్ల స్కూలు యూనిఫాం తెల్లచొక్కాలోనే సత్ప్రసాదం తీసుకుంది.

ఆ సత్ప్రసాదానికి ముందురోజే, శనివారం, ప్రిస్సీ కొత్తగౌను పొట్లం కట్టి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. ఆనందకుమారి కుర్చీ తుడిచి వేసింది, టీ ఇచ్చింది. పొట్లం మాత్రం ముట్టుకోలేదు.

"మీరు కూకోండమ్మా," అందట. "మీ సరుకు మాలాంటోళ్ళకెందుకు?"

"పుట్టినప్పట్నుంచీ నన్ను 'ఏటే' అనే పిలిచింది దీదీ," అంది ప్రిస్సీ. చేతిలోని గుడ్డ చిరగకుండా అలాగే ఉండిపోయింది.

గది మూలలో ఒక మిషన్ ముసుగు కింద నిలబడి ఉంది. గదంతా నూలు దుమ్ము, దాని మీద మాత్రం లేదు. నేను లేచేసరికి ప్రిస్సీ గుమ్మం దాకా వచ్చింది.

"ఆదివారం చర్చిలో ఆంటీ కనబడితే, తన మిషన్‌కి రోజూ నూనె వేస్తున్నారని చెప్పండి దీదీ. నేను చెప్పమన్నానని మాత్రం అనకండి."