చేయెత్తినవాళ్లు చదివారా?

ఈ రోజు మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. మా ఇంటి ముందు కాలువ మీది బండ విరిగింది. ఒకప్పుడు మంత్రాలయానికి నడిచిపోయిన మా అత్తమ్మ, ఇప్పుడు ఆ కాలువ దాటలేక వీధి చివరి గుడికి కూడా పోవడం లేదు.

డబ్బుంది గానీ, కౌన్సిల్ దాన్ని నీళ్ల పైపులకు ఆమోదించిందని, బండకు వాడకూడదని చెప్పారు. దీపం నూనెకిచ్చింది ప్రసాదానికి వాడం కదా, న్యాయమే అనుకున్నాను.

బయట మా కౌన్సిలరమ్మ కనిపించింది. “బడ్జెట్లో మన బండ లేదని చూసుకోలేదామ్మా?” అని అడిగాను.

“అందరూ చేయెత్తినారక్కా, నేనూ ఎత్తినా. అంత లావు పుస్తకం యాడ సదివేది?”

ఇంటికొచ్చేసరికి టీవీలో పార్లమెంటు బడ్జెట్. సభ్యులు బల్లలు చరుస్తున్నారు. అత్తమ్మ చూసి, “వీళ్లన్నా సదివినారంటావా?” అంది.

తెలిసినవాళ్లు చెప్పండి. గుడికి పోలేని మనిషి, జవాబు కోసం నా ముఖమే చూస్తోంది.