ఎడమచేతి ఉగ్గాని

మా నాయన బయట తినడం మానేసి చాలా నెలలయింది. ఇంట్లో తింటాడు. అదీ తలుపు గడియ పెట్టి అమ్మ తినిపిస్తేనే. గడప దాటితే మంచినీళ్లు, టీ తప్ప ఇంకేమీ ముట్టడు. కారణం ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన మనిషి నలుగురిలో ఎడమచేత్తో అయినా తినాలి, ఇంకొకరి చేత తినిపించుకోనైనా తినిపించుకోవాలి. ఆ రెండూ చేతగాని మొండిమనిషి మా నాయన.

మాది ఆళ్లగడ్డ. నాయన రాయి చెక్కేవాడు. ఆ కుడిచేత్తో ఎన్ని ఊళ్ల గుళ్లకు దేవుళ్లను చేసి పంపాడో ఆయనకే గుర్తు లేదు. ఇప్పుడు ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పుకుని కూర్చుంటాడు. చేతికి వ్యాయామం చేయించడానికి వారం వారం పొద్దున్నే బస్సులో నంద్యాల తీసుకుపోవడం నా పని.

ఆసుపత్రి నుంచి బస్టాండుకు వచ్చే దారిలో ఒక టిఫిన్ హోటల్ ఉంది. చిన్నదే. నాలుగు బల్లలు, ఎవరి పక్కన ఖాళీ ఉంటే వాళ్ల పక్కన కూర్చోవాలి. చేయి బాగున్న రోజుల్లో నాయన పని మీద నంద్యాల వస్తే అక్కడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా తిరిగి వచ్చేవాడు కాదు. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తాళింపులో వేసి, పైన పప్పులపొడి చల్లిన ఆ ఉగ్గాని గురించి ఇంటికొచ్చి అమ్మ దగ్గర గొప్పలు చెప్పి తిట్లు తినేవాడు. ఇప్పుడు ఆ వాసన వస్తుంటే మొహం పక్కకు తిప్పుకుని నడుస్తున్నాడు.

"స్పూన్ ఇప్పిస్తా, తిను నాయనా" అన్నాను ఒకసారి.

"స్పూన్ పట్టుకునేది ఏ చేయి?" అన్నాడు. మాట ముద్దగానే వస్తుంది కానీ తగలాల్సిన చోటే తగులుతుంది.

జాలి పడాల్సిన చోట నాకు కోపం వచ్చేది. ఎందుకో చెబుతాను. నేను పుట్టుకతో ఎడమచేతి వాటం. చిన్నప్పుడు నా ఎడమచేయి అన్నంలో పడిందంటే నాయనకు ఒళ్లు మండేది. "చేయి మార్చు" అనేవాడు. మార్చకపోతే మణికట్టు మీద ఒకటి వేసేవాడు. అప్పటికీ వినకపోతే భుజం మీది తువ్వాలు తీసి నా ఎడమచేతిని నడుముకు కట్టి కంచం ముందు కూర్చోబెట్టేవాడు. కుడిచేత్తో తీసిన ముద్ద సగం నోట్లోకి, సగం గౌనులోకి. అమ్మ అడ్డం వస్తే, "దేవుళ్లను చెక్కే ఇంట్లో ఎడమచేతి కూడేందీ?" అని ఆమె మీద లేచేవాడు. అలా ఏడ్చుకుంటూ తిన్న అన్నం ఎంతో. బడికి పోయే నాటికి నా ఎడమచేయి మూల కూర్చోవడం నేర్చుకుంది.

అందుకే ఆయన ఒళ్లో ఆ తువ్వాలు చూసినప్పుడల్లా, ఇప్పుడు తెలిసొచ్చిందా అని లోపల ఎవరో అన్నట్టుండేది. అలా అనిపించినందుకు వెంటనే నా మీద నాకే అసహ్యం వేసేది.

ఆ రోజు అమ్మ ఊళ్లో లేదు. తన చెల్లెలికి బాగాలేదని ముందురోజు మధ్యాహ్నం వెలుగోడు పోయింది. రాత్రి నేను కంచం తీసుకుని గదిలోకి పోతే నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కూతురి చేత తినిపించుకోవడం ఆయన వల్ల కాలేదు. మజ్జిగ తాగి ఆకలి లేదన్నాడు. పొద్దున బస్సు అందుకునే హడావుడిలో నేను మళ్లీ అడగలేదు.

వ్యాయామం అయిపోయి ఆసుపత్రి మెట్లు దిగుతున్నాం. నాయన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. మొహమంతా చెమట. చలికాలం పొద్దు, నాకే శాలువా కావాల్సి ఉంది.

"ఏమైంది నాయనా?"

"ఏంలే. పా."

"పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నావా?"

వేసుకున్నాడు. రోజూ వేసుకునేదే కదా అని వేసుకున్నాడు, ఖాళీ కడుపుతో. మాత్ర వేసుకుని తినకపోతే పడిపోతాడు, ఈసారి పడితే లేపడం కష్టం అని డాక్టర్ ఎన్నిసార్లు చెప్పాడో. చేయి పట్టుకుని దాదాపు లాక్కుంటూ ఆ హోటల్లోకే తీసుకుపోయాను.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న హోటలాయన లేచి నిలబడ్డాడు. "అన్నా! ఎన్నాళ్లాయ నిన్ను జూసి! రా, కూచో." నాయన తల ఊపాడు కానీ తువ్వాలు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. మాకు దొరికిన బల్ల దగ్గర ఎదురుగా ఒక పెద్దాయన దోసె తింటున్నాడు. పంచె, మట్టి అంటిన చెప్పులు, పక్కన విత్తనాల సంచి.

ముందు టీలో చక్కెర ఎక్కువ వేయించి తాగించాను. గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని తాగాడు, నీళ్లకీ టీకీ ఆయన దగ్గర మినహాయింపు ఉంది. చెమట కాస్త తగ్గింది. చక్కెర కాసేపే పనిచేస్తుందని, ఆ లోపల తిండి పడాలని నాకు తెలుసు. రెండు ప్లేట్ల ఉగ్గాని వచ్చింది.

"తిను నాయనా."

"ఇంటికి పోయి తింటాలే."

"ఇల్లు ఈడ లేదు. బస్సులో పడిపోతే నేనేం జేయల్ల?"

నేను ముద్ద తీసి ఆయన నోటి దగ్గరికి తీసుకుపోయాను. పళ్లు బిగించాడు. పక్క బల్లవాళ్లు చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కణతల మీద చెమట మళ్లీ మొదలైంది. చచ్చిపోతావు నాయనా అని అందరి ముందూ అరవబోయి ఆగాను. సిగ్గే కదా నీకు అడ్డం, అయితే ఇద్దరం కలిసే సిగ్గుపడదాం అనుకున్నాను. కుడిచేయి కడుక్కుని ఒళ్లో పెట్టుకున్నాను. ఎడమచేయి ప్లేట్లో పెట్టాను.

ఆ చేయి నాకు తిరిగి వస్తుందనుకున్నాను. పుట్టుకతో వచ్చింది కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. వేళ్లు దగ్గరికి చేరలేదు. బొరుగులు సందుల్లోంచి జారి బల్ల మీద పడ్డాయి. రెండోసారి తీస్తే గడ్డం మీద, పైట మీద. మూతి దగ్గరికి వచ్చేసరికి వేళ్లలో పసుపు తప్ప ఏమీ లేదు.

ఎదుటి పెద్దాయన దోసె ఆపాడు. "ఏందమ్మా, బంగారట్లాంటి కుడిచేయి పెట్టుకోని ఎడమచేత్తో తింటాండావ్?"

నాయన నా చేతినే చూస్తున్నాడు. రాయి మీద ఎక్కడ బీట ఉందో వెతికేటప్పుడు అలాగే చూసేవాడు.

"రాదా నీకు?" అన్నాడు మెల్లగా.

"రాదు."

"నీది ఆ చెయ్యే గదా."

"కట్టేస్తివి గదా నాయనా."

అనేశాక నోరు కరుచుకున్నాను. ఇన్నేళ్లు దాచుకున్న మాట, అనకూడని వేళ వచ్చేసింది. నాయన కళ్లు మూసుకున్నాడు. ఒక్క క్షణం ఆయన పడిపోతున్నాడేమో అనుకుని భుజం పట్టుకున్నాను. పడిపోలేదు.

"దాని చెయ్యి అదేప్పా" అన్నాడు పెద్దాయనతో. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు. "నేనే పోగొట్టినా."

పెద్దాయన తల వంచుకుని దోసె తుంచుకున్నాడు.

తువ్వాలు కింద నుంచి నాయన ఎడమచేయి బయటికి వచ్చింది. తన ప్లేటు వైపు పోలేదు. నా వేళ్లలోంచి జారి బల్ల మీద పడిన బొరుగుల దగ్గరికి పోయింది. రెండు వేళ్లతో ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి తీశాడు. ఎంగిలి అంటే ఆమడదూరం ఉండే మనిషి, నా చేతి కింద పడినవాటిని ఎడమచేత్తో ఏరుకుని తింటున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని, ఆయన త్వరగా తినాలి కదా అని, బజ్జీ తుంచి ఇవ్వడానికి కుడిచేయి పైకి తీశాను.

నాయన బల్ల మీది నుంచి కళ్లెత్తకుండానే అన్నాడు.

"మార్చద్దు."