జ్ఞానయ్య వేరే పళ్ళెం

సునామీ తర్వాత సహాయ శిబిరంలో పుష్పవతికీ, ఆమె భర్త జ్ఞానయ్యకీ కలిపి ఒకటే స్టీలు పళ్ళెం దొరికింది. దీవిలో బంబూఫ్లాట్ ఒడ్డున ఉన్న ఇంటిని సముద్రం పట్టుకుపోయింది. ఆ పళ్ళెంలోనే అన్నం, పప్పు పెట్టించుకుని ఇద్దరూ చెరోవైపు నుంచీ తినేవారు. తర్వాత డాలీగంజ్‌లో ఇల్లు కట్టుకున్నారు. పళ్ళేలు అరనిండా చేరాయి. అయినా రాత్రి భోజనం మాత్రం ఒకే పళ్ళెంలో. కొడుకు సురేష్ బాబు నవ్వేవాడు. "యే క్యా హై మమ్మీ? మీరింకా క్యాంపులోనే ఉన్నారా?"

జ్ఞానయ్య ఫెర్రీ బోటు సరంగు. చాతాం నుంచి బంబూఫ్లాట్‌కీ, మళ్ళీ వెనక్కీ, ఉద్యోగమంతా అదే నీటి మీద బోటు నడిపాడు. మాట తక్కువ మనిషి. చేపలో ముల్లు తీసి మెత్తటి ముక్క ఆమె వైపు తోసేవాడు. ఆయన ముచ్చటంతా అంతే.

రిటైరైన ఏడాదే కడుపులో మంట మొదలైంది. గ్యాస్ అనుకుని మాత్రలు మింగాడు. పోనుపోను రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. ఒంటిమీద చొక్కా వేలాడుతుంటే చూడలేక సురేష్ బాబు బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గొంతులోంచి గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి చెన్నై పంపారు. క్యాన్సరని రిపోర్టు వచ్చింది. కణితిలో ఒక వైరస్ కూడా కనబడిందని అందులో ఉంది. వరండాలో నిలబడి సురేష్ బాబు ఎవరికో ఫోనులో ఆ మాట చెబుతుంటే లోపల పడుకున్న జ్ఞానయ్య విన్నాడు.

ఆ పూట అన్నానికి ఎదురుగా కూర్చోబోయిన పుష్పవతిని చేత్తో ఆపాడు.

"నాకు వేరేగా పెట్టు."

"ఏటయ్యింది? నానేటి చేసినాను?"

"ఏటీ లేదు. పెట్టమన్నాను, పెట్టు."

తర్వాత గ్లాసు వేరైంది, తువ్వాలు వేరైంది. తన పళ్ళెం తనే కడిగి ఎండలో పెట్టుకునేవాడు. మంచం వసారాలోకి మార్చాడు. చర్చిలో ప్రభు భోజనం రోజున అందరూ ఒక్కో గుక్క తాగే గిన్నె తన దాకా రాకముందే లేచి బయటికి నడిచాడు. రోగం కంటే ఆ దూరమే పుష్పవతిని కోసింది. ఎప్పుడు ఏ మాట అని ఆయన మనసు విరిచిందో ఎంత తవ్వుకున్నా తోచలేదు. అడిగితే పలకడు. ఆమెకీ రోషం వచ్చి, కొన్నాళ్ళు తనూ మాట్లాడ్డం మానేసింది.

మందులెక్కించడానికి చెన్నై తీసుకెళ్ళారు. వార్డులో ఒక రోజు ఆయన తాగలేక వదిలేసిన మజ్జిగ పుష్పవతి అలవాటుగా నోటి దగ్గర పెట్టుకుంది. జ్ఞానయ్య ఉన్న బలమంతా కూడదీసుకుని గ్లాసు లాక్కున్నాడు. మజ్జిగ దుప్పటి మీదంతా ఒలికింది.

"తాగకు! ఆ వైరస్ నీకూ అంటుకుంటాది! కరోనాలో మన పక్కింటి గవరయ్యని ప్లాస్టిక్‌లో చుట్టి పట్టుకుపోలేదా? నీ మొహం కూడా అలా మూసేస్తారే!"

పక్క మంచం దగ్గరున్న డాక్టరమ్మ గబగబా వచ్చింది. నెల్లూరు అమ్మాయి.

"అంకుల్, అది కరోనా లాంటిది కాదు. ఈ వైరస్ నూటికి తొంభై మందిలో ఉంటుంది, నాలోనూ ఉండే ఉంటుంది. చిన్నప్పుడే ఎవరి ఎంగిలి వల్లో వచ్చేసి, ఒంట్లో ఊరికే పడి ఉంటుంది. ఎక్కడో ఒకరికి మాత్రం కడుపులో ఇలా తిరగబడుతుంది. వాళ్ళకే ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. ఆంటీకి మీ క్యాన్సర్ అంటుకోదు. ఆ వైరస్ అయితే ఆవిడకి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది."

జ్ఞానయ్య పుష్పవతి వైపు తిరిగాడు.

"మరి ఇన్ని నెలలూ..." అన్నాడు.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. పుష్పవతికి అర్థమైంది. తడిసిన దుప్పటి మీదే తల ఆనించి ఏడ్చింది. ఆయన చెయ్యి వచ్చి ఆమె జుట్టులో ఆగింది.

ఓడలో ఇంటికి తిరిగొచ్చారు. అప్పటికి చెంచాడు గంజి దిగడమే గగనం. అయినా జ్ఞానయ్య అన్నం పెట్టించుకుని, పులుసు కలిపి, ముద్ద చేసి ఆమె నోటికి అందించాడు. "నువ్వు తిను. నాను చూస్తాను" అన్నాడు. ఆ ముద్దని పుష్పవతి ఆయన కోసం మింగింది. అలా నాలుగైదు రోజులు. వానలు పడుతుండగానే ఆయన వెళ్ళిపోయాడు.

తర్వాత సురేష్ బాబు పట్టుబట్టి తల్లికీ గొట్టం వేయించాడు. కడుపు శుభ్రంగా ఉందన్నారు. వాడు కళ్ళు తుడుచుకుని ఆటో కోసం వెళ్ళాడు. పుష్పవతి బయట బెంచీ మీద కూలబడింది. ఇద్దరిలోనూ ఉన్న వైరస్ ఒకటేనట. మరి అది ఆయన్నే ఎందుకు తినేసింది? తన జోలికి ఎందుకు రాలేదు?

పక్కనున్న ముసలమ్మ ఆమె భుజం మీద చెయ్యేసింది. "క్యా హువా దీదీ? రిపోర్ట్ ఖరాబ్ హై క్యా?"

"నహీ," అంది పుష్పవతి, "అచ్ఛా హై." బాగుందన్న ఆ మాట అంటూనే కొంగు నోట్లో కుక్కుకుంది.