గాజుపెంకు చప్పుడు

మా తాత గట్టయ్య గొడ్డలికి పిడిగా తొడిగే కామలు చెక్కేవాడు. కట్టెను కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, ఈ కొస నుంచి ఆ కొసకు చూసేవాడు.

"ఎవల్ని కాలుస్తున్నవ్ తాతా?" అంటే, "నిన్నే, కదలకు" అనేవాడు.

కట్టెలోని నార పోగు మధ్యలో పక్కకు జరిగిందంటే ఆ కట్టె పొయ్యిలోకే. ముడి ఉన్నా అంతే. అల్లుణ్ణి ఎంచేటప్పుడు ఇందులో సగం చూసినా బాగుండేదని ఆయన కూతురు, మా అవ్వ, గొణిగేది.

నచ్చిన కట్టెను నీడలో ఆరబెట్టి, బాడిసెతో చెక్కి, చివర గాజుపెంకుతో గీకేవాడు. ఎక్కడ ఆపాలో మాత్రం మా అమ్మమ్మ ఐలవ్వ చెప్పాలి. ఆమె కామను చూసేది కాదు. వంటింట్లో జొన్నరొట్టెలు కొడుతూనే చప్పుడు వినేది. గరగర తగ్గి సన్నగా వినిపించగానే "ఇగ చాలు" అనేది. తాత పెంకు కింద పెట్టేవాడు. పెళ్లయిన నాటి నుంచి ఇదే పద్ధతి.

హైదరాబాద్ స్టేట్ పోయిన ఏడే అమ్మమ్మ కూడా పోయింది. తాతకు రెండోదే తెలిసింది.

మెట్‌పల్లి పక్క ఊళ్లో చివరి ఇల్లు ఆయనది. మా ఇల్లు ఆ కొసన. ఏడాదికొకసారి, అడవిలో చెట్లు నరికే పని మొదలయ్యే ముందు, కూలీల మేస్త్రీ భూమన్న వచ్చి కామలు మోపు కట్టుకుపోయేవాడు. పొద్దంతా అరుగు మీద కూర్చుని చుట్టలు కాల్చేవాడు. తాత గడప తొక్కే బయటి మనిషి ఆయనొక్కడే.

అమ్మమ్మ పోయిన మరుసటేడు భూమన్న విరిగిన కామల మోపు తెచ్చి వాకిట్లో పడేశాడు.

"గట్టన్నా, గివి కామలా, పండ్లు కుట్టుకునే పుల్లలా? మా కూలి రాజయ్య గొడ్డలి ఎగిరి వాని కాలు పక్కనే వడ్డది."

తాత విరిగిన చోట బొటనవేలితో తడిమాడు. "పోగు మంచిగనే ఉన్నది."

"పోగుకేమైంది, నువ్వే పుల్ల లెక్క గీకినవ్. వారం దినాలకు మళ్ల వస్త. గట్టి కామ ఒక్కటన్న సూపెట్టు. లేకుంటే ఆదిలాబాద్‌ల కొనుక్కుంట. ఇటు వచ్చుడు బంద్."

"జర కూసొని పో."

భూమన్న కూర్చోలేదు.

మర్నాడు అవ్వ నాతో రొట్టెలు పంపింది. తాత గీకుతున్నాడు. చప్పుడు సన్నబడుతున్నా చెయ్యి ఆగడం లేదు. తల వంటింటి వైపు తిరిగి ఉంది. కామలు ఎందుకు విరిగాయో అప్పుడు తెలిసింది. ఆయన ఇంకా అమ్మమ్మ మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

నేను వంటింట్లోకి పోయి రొట్టెలు పెడుతూ, "ఇగ చాలు తాతా" అన్నాను.

చప్పుడు ఆగింది. "ఇంక గరగర అంటున్నది గదనే" అన్నాడు.

"అమ్మమ్మ చెవులు నాకెక్కడియి? నాకైతే ఆకలైతున్నది."

పెంకు కింద పెట్టిన చప్పుడైంది.

వారానికి భూమన్న వచ్చి, ఆ కామకు గొడ్డలి తొడిగి మొద్దు మీద కొట్టాడు. మొద్దు రెండుగా చీలేదాకా కొట్టాడు. కామ చెక్కుచెదరలేదు.

"రోకలి లెక్కున్నది. అయినా ఇరగదు" అని అరుగు మీద కూర్చుని చుట్ట తీశాడు.

"నా ఇంటిమనిషి ఉంటే గింత లావు రానియ్యకపోవు" అన్నాడు తాత.

ఆ తరువాత చాలు అనే పని నాదే అయింది. నేను అన్నాక తాత గీకడం ఆపేవాడు. పెంకు మాత్రం చేతిలోనే పట్టుకుని కాసేపు వంటింటి వైపు చూసి, అప్పుడు కింద పెట్టేవాడు.