పొద్దుతిరుగుడు చేలో అమ్మ తేనెపెట్టెలు

మా చిన్నతనంలో ఓ ఎండాకాలం ఉదయం... అమ్మ మొహానికి పాత దోమతెర గుడ్డ చుట్టుకుని తేనెపెట్టె మూత తీసింది. లోపల పట్టులు ఎండిపోయి, తేలిగ్గా ఉన్నాయి. చుట్టుపక్కల పువ్వన్నది లేదు మరి. అమ్మ ఇంటికొచ్చి పంచదార డబ్బా దించి, తేనెటీగల కోసం పాకం కలపడం మొదలుపెట్టింది.

"ఆ పంచదారతో మనకి నెలంతా కాఫీ వచ్చేది," అన్నారు నాన్న, పేపరు వెనకనుంచి.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చి సరూర్‌నగర్ అవతల కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. నాన్నది ఆఫీసు ఉద్యోగం. అమ్మ పుట్టింట్లో తేనెటీగల్ని పెంచేవారు... ఆ పనే ఇక్కడ వ్యాపారంగా చేసింది. పెట్టెలన్నీ మీర్‌పేట్ వైపు మల్లమ్మగారి మెట్టచేలో, ఆవిడ మాటల్లో చెల్కలో, ఉండేవి. వాళ్ళది తరతరాలుగా అక్కడి రైతు కుటుంబం. ఆముదాలు, నువ్వులు, గట్ల మీద చింతచెట్లు... కిరాయి అడిగేవారు కాదు. ఏడాదికో సీసా తేనె ఇస్తే చాలు.

పువ్వులున్న నెలల్లో తేనె బాగానే దిగేది. పల్చటి గుడ్డలో వడకట్టి సీసాల్లో పోస్తే, కాలనీలో ఆడవాళ్ళు ఇంటికే వచ్చి కొనుక్కునేవారు. మైనం కొవ్వొత్తులు చేసే ఆయన తీసుకెళ్ళేవాడు. అయితే ఆ రాబడిలో చాలావరకు వేసవిలో పంచదారకీ, కొత్త పెట్టెల చెక్కకీ పోయేది. మిగిలేది కొంచెమే... ఆ కొంచెంతోనే మా ఇంట్లో మొదటి ఫ్యాను తిరిగింది.

ఆ వానాకాలం చివర్లో మల్లమ్మగారు మా ఇంటికొచ్చి గడప మీదే కూర్చుండిపోయారు.

"బిడ్డా, చెల్క అమ్మినం. ప్లాట్లు చేస్తరంట. నీ డబ్బాలు ఏడ పెట్టుకుంటవో ఏమో..."

పెట్టెలు అమ్మేద్దామన్నారు నాన్న. అమ్మ చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని నిలబడింది. ఆ మొహం చూసి మల్లమ్మగారే అన్నారు, "ఇబ్రహీంపట్నం దిక్కు మా తమ్ముడు పొద్దుతిరుగుడు ఏసిండు. జర అడిగి చూద్దాం పా."

బడికి సెలవని నన్నూ బస్సెక్కించారు. తమ్ముడు సాయిలుగారు వినీ వినగానే తల అడ్డంగా ఊపారు.

"ఈగలు రసమంత తాగితే నాకు గింజ ఏడికెల్లి వస్తదక్కా?"

"ఈ ఒక్క పంటకి ఉంచనివ్వండి అన్నయ్యగారూ," అంది అమ్మ. "గింజ తగ్గిందంటే, వచ్చిన తేనంతా మీకే ఇచ్చేస్తాను."

ఆ మాట మీద ఆయన ఒప్పుకున్నారు. కానీ ఆ తేనె మా ఏడాది కష్టం. సంగతి తెలిశాక నాన్న అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

తెల్లవారుజామున పెట్టెల కంతలకి తడిగుడ్డలు కుక్కి, నవారుతో కట్టి ట్రాక్టర్ మీద ఎక్కించాం. దారంతా లోపల ఒకటే రొద. మల్లమ్మగారు ఓ పెట్టె మీద చెయ్యేసి, "గమ్మున ఉండున్రి తల్లీ, వచ్చేసినం," అంటూనే ఉన్నారు.

తర్వాత అమ్మ పెట్టెలు చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఆవిడా బయల్దేరేవారు. "మీకెందుకు పెద్దమ్మా ఈ శ్రమ?" అంటే, "పైసలైతే వచ్చినయ్ గని, చేను లేకుంటే పొద్దు పోతలేదు బిడ్డా," అన్నారోసారి... అమ్మ మళ్ళీ ఆ మాట అడగలేదు.

పంట కోతకి వచ్చింది. సాయిలుగారు రెండు పువ్వులు తెచ్చి మా ముందు పెట్టారు. పెట్టెల దగ్గర కోసిన దానిలో నడిమధ్య దాకా నిండు గింజలు. ఈగలు అంతగా వాలని ఆ చివర కోసిన దానిలో మధ్యంతా తాలు. ఆయన వేలితో నొక్కి నొక్కి చూసుకున్నారు.

"వచ్చే యాడాది బండి నేనే పంపిస్త చెల్లె. డబ్బాలు ఇంకెవ్వరికి ఇయ్యకు."

"అయితే పెట్టెలకి కిరాయి ఇవ్వాలి అన్నయ్యగారూ."

ఆయన నోరు తెరిచేలోపే మల్లమ్మగారు, "ఇయ్యిరా! ఊకెనే పనిచేస్తయా?" అన్నారు. అందరం నవ్వేశాం. అమ్మ మాత్రం నవ్వుతూ నవ్వుతూ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత ఆ పెట్టెలకి రెండు రాబళ్ళు... చేలవాళ్ళిచ్చే కిరాయి, తేనె. మల్లమ్మగారు సగం భాగస్తురాలయ్యారు. ఆదివారాలు సీసాలు కడగడం నాన్న వంతు. ఊరు పెరిగేకొద్దీ చేలు దూరమయ్యాయి, బండి ఖర్చు పెరిగింది. మల్లమ్మగారు పోయాక అమ్మ ఒక్కతే ఇంకొన్నాళ్ళు తిరిగి, చివరికి పెట్టెలన్నీ పని నేర్చుకున్న సాయిలుగారి కోడలికి అప్పగించింది.

మొన్న మీర్‌పేట్‌లో పనుండి వెళ్ళాను. మల్లమ్మగారి చెల్క ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను... ఇప్పుడు మేం కొనే తేనె ఏ నెలలో తెచ్చినా ఒకటే రంగు, ఒకటే రుచి. అప్పట్లో నాలుక మీద వేసుకుంటే, ఊరి చుట్టూ ఏం పూస్తోందో తెలిసిపోయేది.

మీ ఇల్లు కట్టకముందు ఆ నేల మీద ఏం పూసేదో మీలో ఎవరికైనా గుర్తుందా? ఉంటే రాయండి... వినాలనుంది.