సంగీత సభలో డప్పు తడిపారు

ఈ రోజు అత్వెల్లి ఫంక్షన్ హాల్లో, యువత సంగీతంలోకి రావాలని సభ పెట్టారు. మా వాడ స్వప్న మొదటిసారి వేదిక మీద డప్పు కొట్టడానికి వచ్చింది. తోలు వేడెక్కి బిగుసుకుంటేనే డప్పు మోగుతుంది కాబట్టి, గేటు పక్కన గడ్డి మంట వేసి దాన్ని కాస్తోంది. పొగ ముఖ్య అతిథి కారు మీదికి పోతోందని నిర్వాహకుడు బకెట్ నీళ్లు తెప్పించి గుమ్మరించాడు. మంటతో పాటు డప్పూ తడిసింది. ఆ వెంటనే స్వప్న పేరు పిలిచారు.

దరువు వేస్తే అట్టపెట్టె చప్పుడు వచ్చింది. హాలంతా నవ్వింది. ఆ నిర్వాహకుడే మైకు అందుకున్నాడు.

"ఏంది బిడ్డా, ప్రాక్టీస్ లేకుండనే స్టేజీ ఎక్కినవా?"

"నీళ్లు వోసింది మీరే గద సార్."

"మంట మీద పెడితేనే మోగుతదా? గదేం వాయిద్యం? ఇగ దిగు, కీబోర్డు నేర్సుకొని రా."

తర్వాత అతిథి, మన పిల్లలకు మన కళలంటే ఆసక్తి చచ్చిపోయిందని బాధపడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లేచి అడగబోయిన నన్ను బయటికి నెట్టారు. గేటు దగ్గర స్వప్న, తనకు డప్పు నేర్పిన తండ్రికి ఫోన్‌లో చెబుతోంది: "మస్తు మెచ్చుకున్నరు, నాయినా."

చప్పట్లు కొట్టినవాళ్లు ఈ గ్రూపులో చాలామందే ఉన్నారు. ఆ నాయినకు నిజం ఏమని చెప్పాలో కింద రాయండి.